అన్నభేదిలో దాగిన మందు

పండ్లతోటలో ఒక చెట్టు క్షీణించుచున్నచో రైతు మొదట ఆకును త్రిప్పి చూచును. పురుగు గ్రుడ్లు ఉన్నవా, బూజు పట్టినదా, కాండమునకు తొలుచు పురుగు రంధ్రములు చేసినదా అని వెదకును. ఏదియు కానరానప్పుడు ఏదో తెగులు తగిలినదని తలచి, దొరకిన మందు చల్లును. అప్పటికిని చెట్టు కోలుకొననిచో గొడ్డలి పట్టును. ఒకప్పుడు ప్రపంచమున పెక్కు తోటలలో ఇట్లే జరిగినది. క్రిమి లేకుండ, కీటకము లేకుండ వేలకొలది చెట్లు, ద్రాక్షతీగలు ఏటికేడు కృశించి మోడులైనవి. లోపము చెట్టులో కాక చెట్టునకును నేలకును గల సంబంధములో ఉన్నదని స్పష్టపడుటకు దాదాపు తొంబది సంవత్సరములు పట్టినది. అది బయటపడిన విధము కూడ విచిత్రమైనదే. శాస్త్రజ్ఞులు ఒక మందు వేసిరి; చెట్టు కోలుకొన్నది; కాని దానిని బ్రదికించినది వారు వేసితిమనుకొన్న మందు కాదు.

పాలిపోయిన ఆకు - ఇనుము

19వ శతాబ్దమున యూరపు వైద్యులు పాండురోగముతో పాలిపోయినవారికి ఇనుపలవణములు ఇచ్చుట సామాన్యమైన చికిత్స. ఆ రోజులలోనే ఫ్రాన్సు దేశమున యూజేబ్ గ్రీ అను రసాయనవేత్త పాలిపోయిన మొక్కలపై అదే మందును పరీక్షించెను. 1843-44 సంవత్సరములలో అతడు ప్రకటించిన ప్రయోగములు సులభమైనవి. పసుపుపచ్చనైన మొక్కల వేళ్లకు అన్నభేది, అనగా ఫెర్రస్ సల్ఫేటు, కరగించిన నీరు పోసెను. కొన్నింటికి ఆ ద్రావణమును ఆకుపైననే పూసెను. కొద్దిరోజులలో ఆకులు పచ్చబడినవి. ఆకుపై పూసినప్పుడు, మందు సోకినచోట పచ్చదనము తిరిగి వచ్చినది.

పత్రహరితము అణువులో ఇనుము లేదు. దాని నడుమ నుండునది మెగ్నీషియము. అయినను ఇనుము లేనిదే మొక్క పత్రహరితమును తయారుచేసికొనజాలదు. ఈ వివరములన్నియు గ్రీ కాలమున తెలియవు. కాని అతని ప్రయోగము ఒక ముఖ్యవిషయమును స్థాపించినది. ఆకు పాలిపోవుట ప్రతిసారియు అంటువ్యాధి కాదు. అది ఆకలియు కావచ్చును. నత్రజని, భాస్వరము, పొటాషియము వంటి పోషకములు మొక్కకు విస్తారముగా కావలెను. ఇనుము వంటివి స్వల్పముగా మాత్రమే కావలెను. కాని ఆ స్వల్పము కూడ లేనిచో తక్కినవన్నియు ఉండియు నిష్ప్రయోజనమే.

సున్నపునేలలో ద్రాక్ష

ఈ పాఠము పెద్దయెత్తున అవసరమైనది ఫ్రాన్సు ద్రాక్షతోటలకు. అమెరికానుండి వచ్చిన ఫిల్లాక్సెరా అను సూక్ష్మకీటకము 1860 దశకమునుండి ఆ దేశపు ద్రాక్షవేళ్లను నాశనము చేయసాగినది. 1868లో మోంపెల్యే నగరమునకు చెందిన వృక్షశాస్త్రజ్ఞుడు ప్లాన్షాన్, ఆయన సహచరులు ఎండిపోవుచున్న తీగలను పెల్లగించి, వేళ్లపై ఈ కీటకమును గుర్తించిరి. అమెరికా అడవిద్రాక్షల వేళ్లు ఈ కీటకము దాడికి తట్టుకొనగలవు. కనుక అమెరికా వేరుపై ఫ్రాన్సు కొమ్మను అంటుకట్టుట సరియైన ఉపాయముగా తేలినది. ద్రాక్షసాగు బ్రదికినదని అందరును సంతసించిరి.

కాని షారాంత్ ప్రాంతమున, ప్రసిద్ధమైన కోన్యాక్ తోటలలో, ఈ అంటుతీగలు పసుపుపచ్చనై కుంగిపోయినవి. ఈసారి వేళ్లలో కీటకము లేదు. ఆ నేల సుద్దనేల, సున్నము అత్యధికము. వానలెక్కువగల ప్రాంతములలో, సున్నము తక్కువైన మట్టిలో పెరిగిన అమెరికా వేళ్లు ఆ నేలలో ఇనుమును గ్రహింపలేకపోయినవి. ఆ నేలలో ఇనుము లేకపోలేదు. సున్నపునేలలో క్షారగుణము అధికమగుటవలన ఇనుము కరగని రూపములో బిగిసిపోవును. తడి ఎక్కువైనప్పుడు ఏర్పడు బైకార్బొనేటులు ఆ చిక్కును మరింత పెంచును. కొట్టులో ధాన్యమున్నను తాళపుచెవి లేని గృహస్థునివలె ఆ తీగలు ఆకలితో నశించినవి.

1887లో ఫ్రాన్సు ప్రభుత్వము పియేర్ వియాలా అను ద్రాక్షశాస్త్రజ్ఞుని అమెరికాకు పంపినది. సున్నపునేలలో సహజముగా పెరుగు అడవిద్రాక్షను వెదకి తెచ్చుట ఆయన పని. టెక్సాస్ రాష్ట్రమున డెనిసన్ పట్టణమున నివసించిన థామస్ వోల్నీ మన్సన్ అమెరికా ద్రాక్షజాతులను బాగుగా ఎరిగినవాడు. టెక్సాస్ సున్నపురాతి గుట్టలపై పెరుగు బెర్లాండియెరి జాతి వియాలా వెదకిన గుణములు గలదిగా కనబడినది. ఆ జాతి కొమ్మలు పాతినచో వేళ్లు సులభముగా దిగవు. అందుచే దానిని ఇతరజాతులతో సంకరపరచి, వేళ్లు పట్టునట్టియు సున్నమునకు ఓర్చునట్టియు మూలకాండములను తయారుచేసిరి. అట్టి మూలకాండములే షారాంత్ సుద్దనేలలలో ద్రాక్షను నిలిపినవి. 1888లో ఫ్రాన్సు ప్రభుత్వము మన్సన్‌ను వ్యవసాయసేవా పురస్కారముతో గౌరవించినది.

ఇదే కాలమున వేరొక ఉపాయము కూడ వాడుకలోనికి వచ్చినది. 1890 దశకమున రాసిగ్యే అను వైద్యుడు, తీగలను కత్తిరించినవెంటనే ఆ గాయములకు చిక్కని అన్నభేది ద్రావణము పూయవలెనని సూచించెను. నేల ఇనుమును బంధించుచున్నచో నేలను దాటించి, తిన్నగా తీగకే అందించుట ఇందలి కిటుకు. నేలకు తగిన వేరును నాటుట ఒక మార్గము. నేల ఇవ్వలేనిదానిని వేరొక త్రోవన ఇచ్చుట రెండవ మార్గము. ఈ రెండును తరువాతి చరిత్రలో మరల కనబడును.

కాలిఫోర్నియా చిన్నాకు తెగులు

20వ శతాబ్దపు ఆరంభమున అమెరికా పశ్చిమతీరమునగల కాలిఫోర్నియాలో పండ్లతోటలు వేగముగా విస్తరించినవి. వాటిలో కొన్నింటిని ఒక వింతవ్యాధి పీడించినది. వసంతమున మొగ్గలు ఆలస్యముగా విచ్చుకొనును. వచ్చిన ఆకులు సన్ననై, పొట్టివై, రెమ్మకొనయందు గులాబిరేకులవలె గుత్తిగా చేరును. రెమ్మ సాగదు. ఈనెల నడుమ ఆకు పసుపు వారును. పండ్లు చిన్నవై వికారముగా నుండును. కొన్ని సంవత్సరములకు కొమ్మలు కొననుండి ఎండును. పీచ్, ఆప్రికాట్, ఆపిల్, ద్రాక్ష, అన్నియు దీనికి లొంగినవే. దీనికి చిన్నాకు తెగులు అని పేరు వచ్చినది.

క్రిమికొరకు ఎంత వెదకినను దొరకలేదు. వ్యాధి ఒక చెట్టునుండి మరియొక చెట్టునకు అంటుకొనుచున్నట్లును కనబడలేదు. ఇసుకనేలలలో ఈ తెగులు అధికముగా కనబడుట ఆశ్చర్యము కాదు. కాని పూర్వము పశువులదొడ్లు ఉండిన స్థలములలో, పేడతో బలిసిన మట్టిలో నాటిన చెట్లు కూడ దీనివలన బాధపడినవి. సారవంతమని అందరును ఎంచిన నేలలోనే చెట్టు చిక్కిపోవుట రైతులను కలవరపెట్టినది.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు చెందిన ఉద్యానశాస్త్రజ్ఞుడు విలియం చాండ్లర్, మొక్కల పోషణపై పరిశోధనలు చేసిన డెనిస్ హోగ్లండ్, రసాయనవేత్త హిబ్బర్డ్ ఈ సమస్యను చేపట్టిరి. పాలిపోయిన ఆకులకు ఇనుము మందు అను సంగతి అప్పటికి అందరెరిగినదే. వారు చెట్లపాదులలో అన్నభేదిని పెద్దమోతాదున వేసి చూచిరి. కొన్నిచోట్ల చెట్లు ఆశ్చర్యకరముగా కోలుకొన్నవి. మరికొన్నిచోట్ల ఏ ఫలితమును లేదు.

ఇచ్చట పరిశోధకులు తృప్తిపడి, ఇనుపలోపమే కారణమని వ్రాసియుండినచో కథ అంతటితో ముగిసెడిది. చెట్లు మాత్రము చచ్చుచునే యుండెడివి. వారు అట్లు చేయలేదు. ఒకే మందు ఒకచోట పనిచేసి మరియొకచోట పనిచేయకుండుటకు కారణము వెదకిరి. బజారున దొరకు అన్నభేది శుద్ధమైనది కాదు; అందులో ఇతరలోహముల కల్తీ ఉండును. ఆ లోహములలో జింకు ఒకటి. దానినే సంస్కృతమున యశదమందురు. జింకు లేని అన్నభేది చిన్నాకు తెగులును మాన్పలేదు. జింకు సల్ఫేటును వేరుగా ఇచ్చినప్పుడు చెట్లు చిగిర్చినవి. ఇన్నాళ్లును ఇనుమునకు దక్కిన కీర్తి దానివెంట దొంగతనముగా వచ్చిన జింకుదని తేలినది. వారి తొలి నివేదికలు 1931, 1932 సంవత్సరములలో వెలువడినవి.

బకెట్టు ఇచ్చిన సాక్ష్యము

ఇదే సమయమున అమెరికాలో పెకాన్ అను గింజపండు చెట్లను పరిశీలించుచున్న ఆల్బెన్, కోల్, లూయిస్ అను శాస్త్రజ్ఞులకు ఇటువంటి అనుభవమే కలిగినది. పెకాన్ రెమ్మకొనలయందు చిన్న ఆకులు గుత్తికట్టు వ్యాధికి వారు ఇనుపలవణములను ప్రయోగించిరి. ఒకప్పుడు గుణము కనబడెను; ఒకప్పుడు కనబడలేదు. తరచి చూడగా, గుణమిచ్చిన ద్రావణమును కలిపినది జింకుపూత పూసిన ఇనుపపాత్రలో! పుల్లని ఇనుపలవణ ద్రావణము ఆ పూతను కొంత కరగించుకొన్నది. మందు సీసాలో లేదు, పాత్రగోడలో ఉన్నది. 1932లో వారు ఈ విషయమును ప్రకటించిరి.

విద్యార్థులు ఇచ్చట ఒక సంగతి గమనింపవలెను. ఒక మందు వేసిన తరువాత చెట్టు కోలుకొన్నంతమాత్రమున ఆ మందే కారణమని చెప్పుటకు వీలులేదు. మందుతోపాటు ఇంకేమి చేరినదో విడదీసి చూడవలెను. మందు వేయని చెట్టును ప్రక్కనే ఉంచి పోల్చవలెను. రెండు పరిశోధకబృందములును ఈ క్రమము పాటించుటచేతనే, కల్తీయు బకెట్టును వారిని మోసగింపలేకపోయినవి.

నిజమునకు జింకు జీవులకు అవసరమను సూచన అంతకుమునుపే కలదు. పాశ్చరు శిష్యుడైన జూల్ రోలాన్ 1869లో నల్లబూజు పెరుగుదలకు జింకు కావలెనని చూపెను. 1926లో ఆనా సోమర్, లిప్మన్ అనువారు ఉన్నతజాతి మొక్కలకు జింకు, బోరాన్ అనివార్యమని నిరూపించిరి. కాని అవి ప్రయోగశాలలోని పాత్రలలో జరిగినవి. లక్షల టన్నుల మట్టిలో, లోతుగా వేళ్లు దిగిన చెట్టునకు అంత స్వల్పవస్తువు కొరవడునని తోటలో నిలుచున్నవారికి తోచలేదు.

పేర్లు పెక్కు - కారణమొకటి

ఒకసారి తాళపుచెవి దొరకిన తరువాత పెక్కు తలుపులు తెరచుకొన్నవి. పీచ్‌లో చిన్నాకు తెగులు, పెకాన్‌లో గుత్తియాకు తెగులు, నారింజలో మచ్చయాకు తెగులు, అక్రోటులో పసుపు తెగులు అని వేర్వేరు పేర్లతో పిలిచిన వ్యాధులకు మూలము జింకులోపమే అని కొద్ది సంవత్సరములలోనే తెలిసినది. హోగ్లండ్, ఆయన సహచరులు జింకును జాగ్రత్తగా తొలగించిన ద్రావణములలో మొక్కలను పెంచి అటువంటి లక్షణములనే పుట్టించి చూపిరి. 1940లో ఫోక్ స్కూగ్, జింకు చాలని మొక్కలలో ఆక్సిన్ అను పెరుగుదల హార్మోను తగ్గిపోవునని కనుగొనెను. రెమ్మ సాగకుండుటకును ఆకు చిన్నదగుటకును ఇది ఒక కారణము. నారింజజాతి చెట్లలో ఎండ తగులువైపు కొమ్మలలో లక్షణములు అధికముగా కనబడును.

మరి జింకు ఎట్లు ఇవ్వవలెను? ఇచ్చట మరల నేల స్వభావమే అడ్డువచ్చినది. ఇసుకనేలలో పాదునందు వేసిన జింకు సల్ఫేటు వేరునకు అందినది. బంకమట్టి నేలలలో, సున్నపునేలలలో మట్టి దానిని పట్టి బిగించుకొన్నది. మోతాదు ఎంత పెంచినను చెట్టునకు చేరినది అల్పము. అందుచే ఆకులపై చల్లుట వాడుకలోనికి వచ్చినది. జింకు సల్ఫేటు పులుపు ఆకును మాడ్చకుండ దానికి సున్నము కలిపిరి. ద్రాక్షతీగలకు కత్తిరింపు గాయములపై జింకు ద్రావణము పూసిరి. ఫ్రాన్సులో రాసిగ్యే చూపిన మార్గమే ఇచ్చట వేరొక లోహముతో మరల వచ్చినది. కొన్ని చెట్లకు జింకు ముక్కలను, జింకుపూత మేకులను కాండములోనికి దిగగొట్టి చూచిరి. అదియు పనిచేసినది.

నేల ఎందుకు బిగించును?

నేల క్షారత ఒక పి.హెచ్. అంకె పెరిగినప్పుడు మట్టినీటిలో కరగియుండు జింకు అయానులు సుమారు నూరవవంతునకు తగ్గును. కనుక పి.హెచ్. 6 గల నేలయు 8 గల నేలయు మొత్తము జింకులో సమానమైనను, చెట్టు దృష్టిలో రెండును ఒకటి కావు. ఈ కారణముచేత 1978లో లిండ్సే, నార్వెల్ అనువారు మట్టిలోని మొత్తము జింకును కాక, మొక్కకు అందదగిన జింకును కొలుచు పరీక్షను ప్రకటించిరి. డి.టి.పి.ఎ. అను ద్రావణముతో చేయు ఆ పరీక్షనే నేటి భూసార ప్రయోగశాలలు వాడుచున్నవి. కిలో మట్టిలో 0.6 మిల్లీగ్రాములకన్న తక్కువైనచో సాధారణముగా లోపముగా ఎంచుదురు.

భాస్వరపు ఎరువు మితిమీరినను మొక్కకు జింకు కొరత ఏర్పడును. పాతదొడ్ల స్థలములలో తెగులు కనబడుటను బట్టి, ఎరువు ఎక్కువైనంతమాత్రమున నేల ఆరోగ్యము పెరుగదని తెలియుచున్నది. అందదగిన జింకు అధికభాగము పైమట్టిలోనే యుండును. చెట్టు వేళ్లతో లోతునుండి పైకి తెచ్చిన జింకు రాలిన ఆకులద్వారా పైపొరలో చేరుచుండును. నేలను చదును చేయుటకై పైమట్టిని గీకి తీసివేసిన చోట అడుగుమట్టి బయటపడి, చెట్లు జింకు కొరతకు లోనగుట అందుచేతనే. ఆకుచెత్తను తగులబెట్టక పాదులలో కుళ్లనిచ్చుట, పచ్చిరొట్ట దున్నుట, చివికిన పశువులయెరువు మితముగా వేయుట, నీరు నిలువకుండ చూచుట, ఇవి నేలకు చేయు నిత్యసేవ. కుళ్లిన సేంద్రియపదార్థమునుండి పుట్టు ఆమ్లములు జింకును, ఇనుమును తమతో కలుపుకొని వేరునకు అందురూపమున నిలిపియుంచును. ఆకుపై చల్లు జింకు ఆ చిగురుకు తక్షణచికిత్స. తరువాత వచ్చు చిగుళ్లకు అది చాలదు. నేలసేవ దీర్ఘకాలపు రక్షణ.

తెలుగునాట

ఈ చరిత్ర తెలుగు రైతులకు దూరమైనది కాదు. రాయలసీమలో చీనీ అనియు, నల్గొండ ప్రాంతమున బత్తాయి అనియు పిలువబడు సాత్‌గుడి తోటలలో జింకులోపము చిరపరిచితము. ఈనెలు పచ్చగా నిలిచి, వాటి నడుమ ఆకు పసుపువారుట, కొత్త ఆకులు చిన్నవై నిటారుగా నిలుచుట, కొమ్మలు కొననుండి ఎండుట దాని గుర్తులు. సున్నము కలిసిన నేలలు, క్షారగుణముగల బావినీరు, సేంద్రియపదార్థపు కొరత, ఈ మూడును కలిసినచోట లోపము తీవ్రమగును. లీటరు నీటికి 5 గ్రాముల జింకు సల్ఫేటు చొప్పున లేతచిగుళ్లపై చల్లుట నేటి తోటలలో వాడుకలోనున్న పద్ధతి.

తోటలలోనే కాదు, పొలములలోను జింకు ప్రాముఖ్యము బయటపడినది. 1966లో పంత్‌నగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయమున వై. ఎల్. నెనె, తరాయి ప్రాంతపు వరికి వచ్చు ఖైరా వ్యాధికి కారణము జింకులోపమేనని నిరూపించెను. మరుసటి సంవత్సరము భారత వ్యవసాయ పరిశోధనా మండలి సూక్ష్మపోషకములపై అఖిలభారత పరిశోధన పథకమును ఆరంభించినది.

అయితే, క్షీణించు ప్రతి చెట్టునకును జింకే మందు అనుకొనుట, ఇనుమే మందు అనుకొన్న పూర్వపు పొరపాటునే తిరిగి చేయుట యగును. చీనీ, నారింజ చెట్లకు గ్రీనింగ్ అను వ్యాధి కలదు. సిల్లా అను చిన్నకీటకము మోసికొనివచ్చు బాక్టీరియా దీనికి కారణము. ఆ బాక్టీరియా ఆహారవాహికలను అడ్డగించుటచే, ఆ చెట్ల ఆకులు కూడ జింకు చాలని ఆకులవలె కనబడును. అట్టి చెట్టునకు ఎంత జింకు చల్లినను వ్యాధి పోదు. పైగా అది ప్రక్కచెట్లకు వ్యాపించుచునే యుండును. పోల్చుకొనుటకు ఒక గుర్తు కలదు. జింకులోపమున పసుపుమచ్చలు నడియీనెకు ఇరువైపుల ఇంచుమించు సమముగా నుండును. గ్రీనింగ్‌లో ఒకవైపు మచ్చ రెండవవైపు మచ్చతో పోలదు. అనుమానము మిగిలినచో ఆకును, మట్టిని ప్రయోగశాలకు పంపుట మంచిది.

పాఠశాల తోటలో నిమ్మచెట్టో బత్తాయిచెట్టో ఉన్నచో, గ్రీ చేసిన ప్రయోగమును విద్యార్థులు తామే చేయవచ్చును. ఈనెల నడుమ పసుపువారిన లేతచిగుళ్లుగల మూడు కొమ్మలను ఎన్నుకొని, ఒకదానిపై జింకు సల్ఫేటు ద్రావణము, మరియొకదానిపై అన్నభేది ద్రావణము, మూడవదానిపై వట్టి నీరు చల్లవలెను. జింకు, అన్నభేది ద్రావణములలో కొద్దిగా సున్నపుతేట కలిపినచో ఆకు మాడదు. కొమ్మలకు గుర్తుదారములు కట్టి, కొద్ది వారములపాటు ఆకుల రంగును, కొత్తగా వచ్చు చిగుళ్ల పరిమాణమును వ్రాసికొనుచుండవలెను. ఏ కొమ్మ పచ్చబడునో దానినిబట్టి చెట్టునకు ఏది కొరవడినదో తెలియును. ఏదియు పచ్చబడనిచో కారణమును వేరుచోట వెదకవలెనని తెలియును. ద్రావణములను మాత్రము గాజుపాత్రలోగాని మట్టిపాత్రలోగాని కలుపుకొనవలెను. జింకుపూత బకెట్టులో కాదు.